ఆ పాప ఎవరికి చెప్పుకోవాలి?

(తిరుపతిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నా తోటి అయ్యవార్లకు, మేడమ్‌లకు, పనులు మానుకుని వచ్చిన అమ్మలకు, నాయనలకు ప్రత్యేకంగా నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడిన వాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మొదట ఒక స్టిక్కర్ గురించి చెప్తాను. వాట్సాప్‌లో స్టిక్కర్లు మీకందరికీ తెలుసు. పొద్దున్నే వెంకన్న స్వామి స్టిక్కర్ పంపుకుంటాం, పండక్కి ముగ్గు స్టిక్కర్ పంపుకుంటాం. ఎవరి ఫోటోనైనా తీసుకుని అట్లా స్టిక్కర్‌గా మార్చడం ఇప్పుడు నిమిషం పని. నేను రిటైరయ్యే ముందు సంవత్సరాల్లో జరిగింది ఇది. తొమ్మిదో తరగతి పాప. మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత వచ్చే పీరియడ్‌లో ఆవలించింది. ఎవరో ఫోటో తీశారు. బడికి ఫోను తేకూడదు, అయినా తెచ్చారు. నోరు తెరుచుకుని, కళ్ళు సగం మూసుకుని ఉన్న ఆ ముఖం సాయంత్రానికి స్టిక్కర్ అయింది. రాత్రికి దాని కింద ఒక మాట చేరింది. ఆ మాట నేనిక్కడ పలకను.

క్లాసు పిల్లలకు ఒక గ్రూపు ఉండేది. అందులో ఎవరు ఏం రాసినా జవాబు ఆ స్టిక్కరే. "రేపు లెక్కల పరీక్ష ఉందా?" స్టిక్కర్. "సోషల్ నోట్స్ ఎవరన్నా పంపండి." స్టిక్కర్. పక్క సెక్షన్‌కి పోయింది, ట్యూషన్ గ్రూపుకి పోయింది. ఆ పాప బస్సెక్కితే వేరే బడి పిలకాయలు ఆమె ముఖం చూసి ఆవలించేవాళ్ళు.

నాకు తెలిసేసరికి పదిహేను రోజులు దాటింది. పాప బడికి రావడం మానేస్తే కబురు పెట్టాను. వాళ్ళమ్మ వచ్చింది, "కడుపునొప్పి అంటా ఉండాది మేడం, ఆస్పత్రికి తీసుకుపోయినా ఏమీ లేదంటా ఉండారు" అంది. చివరికి ఇంకో పిల్ల నోట అసలు సంగతి బయటపడింది. అప్పుడు నేనేం చేశానో వినండి. ప్రార్థన సమయంలో ఆ స్టిక్కర్ తయారుచేసిన ముగ్గురు మగపిల్లలను ముందు నిలబెట్టాను. బడంతా చూస్తుండగా ఆ పాపను పిలిచి, ఆమెకు క్షమాపణ చెప్పించాను. గట్టిగా ఒక పావుగంట మాట్లాడాను. చాలా న్యాయం చేశానని నేను నిజంగా నమ్మాను. ఆ సాయంత్రమే వాళ్ళమ్మ పాప దగ్గర ఫోను లాగేసుకుంది. ఆ రాత్రే అదే స్టిక్కర్ మళ్ళీ తిరిగింది, ఈసారి కింద "సారీ అక్కా" అని రాసి. అంతవరకూ సంగతి తెలియని ఆరో తరగతి పిల్లలకు కూడా, నా పుణ్యాన, ఆ ముఖం ఎవరిదో తెలిసిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆ పాప నా గదికి వచ్చి తల వంచుకుని ఒకే మాట చెప్పింది: "మేడం, మీకు తెలియకుండా ఉంటేనే బాగుండు." పదో తరగతి ఆ పాప వేరే బడిలో చదువుకుంది.

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. ఆ మాటంత పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ మాట గురించే. పిల్లలకు జరిగిన అవమానం ఒకటైతే, దాన్ని పెద్దవాళ్ళకు చెప్పుకోవడం వల్ల జరిగేది ఇంకొకటి. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ రోకలి మన చేతిలోనే ఉంది.

పేపర్లలో దీన్ని సైబర్ బుల్లీయింగ్ అని రాస్తారు. మన పిలకాయలు "ట్రోల్ చేసినారు" అంటారు, "ఏసుకున్నారు" అంటారు. మా అమ్మ కాలంలో "అల్లరి పెట్టినారు" అనేవాళ్ళు. పేరేదైనా, ఇది మామూలు తగువు కాదు. తగువులో ఇద్దరూ తిట్టుకుంటారు, మరునాటికి ఒకే డబ్బాలో అన్నం తింటారు. నార్వేలో పనిచేసిన డాన్ ఒల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలోనే బడిపిల్లల మధ్య వేధింపుల మీద పరిశోధన మొదలుపెట్టి, దానికి మూడు గుర్తులు చెప్పాడు. బాధపెట్టాలన్న ఉద్దేశం ఉండటం, అది మళ్ళీమళ్ళీ జరగడం, ఇద్దరి బలం సమానంగా లేకపోవడం. ఆయన చెప్పిన కాలానికి ఈ ఫోన్లు లేవు. ఇప్పుడు ఒకడు ఒక్కసారే ఫోటో పెడతాడు, మిగతా నలభై మంది దాన్ని నలభై సార్లు చేస్తారు. పెట్టినవాడు "నేను ఒక్కసారే కదా మేడం పెట్టింది" అంటాడు. వాడి లెక్క వాడిది. పడే పిల్లకు మాత్రం ఫోను మోగిన ప్రతిసారీ అది కొత్తగా జరుగుతుంది.

మనం తిరుపతిలో ఉన్నాం కాబట్టి మన గంగమ్మ జాతర గుర్తు చేస్తాను. వేసవిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే ఊరంతా వేషాలే. నామం కొమ్ము అనే తెల్ల సుద్ద పూసుకుని బైరాగి వేషం, కుంకుమ పూసుకుని బండ వేషం, బొగ్గు పూసుకుని వేపాకు కట్టుకుని తోటి వేషం. ఆ వేషాల్లో బూతులు తిట్టడం ఆచారం. చిన్నప్పుడు నాకు భయం వేసేది, మా నాయన చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని. "భయపడాకు పాపా, ఆ బొగ్గు కింద ఉండేది మన వీధి మేస్త్రీనే" అనేవాడు. అందరికీ తెలుసు వేషంలో ఎవరున్నారో. వారం రోజుల హద్దు ఉంది. జాతర చివర అమ్మవారి విశ్వరూపం అయిపోతే వేషం కడిగేస్తారు, మరుసటి రోజు అదే మనిషి మన ఇంటికి గోడ కట్టడానికి వస్తాడు. తిట్టుకు కూడా మన పెద్దలు ఒక హద్దు, ఒక లెక్క, ఒక ముగింపు పెట్టారు.

ఫేక్ ఐడీ అనేది కడగని వేషం. ఎవరో తెలియదు, ఎన్నాళ్ళో తెలియదు, ఎంతమంది చూశారో తెలియదు. పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలేనేమో అన్న అనుమానంతో ఆ పిల్ల ప్రతి ముఖాన్నీ చూస్తుంది. పాతకాలంలో బడిలో ఏడిపిస్తే ఇంటికొచ్చి తలుపేసుకుంటే పోయేది. ఇప్పుడు దుప్పటి కింద కూడా వస్తుంది.

ఇక బడి సంగతి. నేను చాలాచోట్ల విన్న మాట, నేను కూడా ఒకప్పుడు అన్న మాట: "అది గేటు బయట జరిగింది, మాకేం సంబంధం?" ఆ గ్రూపు పేరు చూడండి. "9-బి గ్యాంగ్". ఆ పేరు పెట్టింది మన రిజిస్టర్‌లోంచి. అందులో ఉన్న నలభై మందీ రేపు పొద్దున తొమ్మిదింటికి మన బెంచీల మీదే కూర్చుంటారు. రాత్రి పదింటికి రాసిన మాట ప్రభావం మన రెండో పీరియడ్‌లో కనిపిస్తుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదు, గుంపుగా చేసే ప్రాజెక్టులో ఎవరిని ఎవరూ పిలవడం లేదు, అన్నం దగ్గర ఎవరు ఒంటరిగా ఉన్నారు. ఇవి చూడగలిగేది బడి ఒక్కటే. అమ్మానాన్నలకు ఒక్క బిడ్డ కనిపిస్తుంది, పోలీసులకు ఒక్క ఫిర్యాదు కనిపిస్తుంది. క్లాసు మొత్తం కనిపించేది మనకే.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక పిల్లల చేతికి ఫోను ఇవ్వమని చెప్పింది మనమే. "పాఠాలు ఫోనులో వస్తాయి, కొనివ్వండి" అంటే అప్పు చేసి కొన్న కుటుంబాలు నాకు తెలుసు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వమే ట్యాబులు ఇచ్చింది. పాఠానికి ఫోను కావాలని అన్నది మనమైనప్పుడు, ఆ ఫోనులో బిడ్డకు దెబ్బ తగిలితే "నీకు ఫోనెందుకు?" అని అడిగే హక్కు మనకు లేదు.

ఇప్పుడు నేను అందరికంటే ఎక్కువగా మాట్లాడదలచుకున్నది ఏడిపించేవాళ్ళ గురించి కాదు, ఏడ్చేవాళ్ళ గురించి కూడా కాదు. మిగతా వాళ్ళ గురించి. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టినా సాల్మివల్లి అనే ఆచార్యురాలు, ఆమె సహచరులు 1996లో ఒక పరిశోధన ప్రచురించారు. వేధింపు ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం కాదు, క్లాసంతా అందులో ఏదో ఒక పాత్ర వేస్తుంది అని చూపించారు. ఏడిపించేవాడు ఒకడు. వాడికి చెయ్యి అందించేవాడు ఒకడు. పక్కన నిలబడి నవ్వేవాడు ఒకడు. చూసీ చూడనట్టు పోయేవాడు ఒకడు. అడ్డుపడేవాడు ఒకడు. దాని ఆధారంగా అక్కడ "కివా" అని ఒక కార్యక్రమం తయారుచేసి, 2009 నుంచి దేశమంతా బడుల్లోకి తీసుకెళ్ళారు. వాళ్ళ భాషలో "వేధింపుకు వ్యతిరేకంగా" అనే రెండు మాటల్లోంచి ఆ పేరు వచ్చింది. కివా అంటే వాళ్ళకు "బాగుంది" అని కూడా అర్థమట. అందులో పిల్లలకు నీతులు చెప్పరు. చర్చ పెడతారు, పాత్రలు వేయించి చూపిస్తారు. నవ్వేవాడి పాత్ర వేసినవాడికి తన నవ్వు ఎంత పనిచేసిందో తెలుస్తుంది.

మా బడి స్టిక్కర్ సంగతి ఇప్పుడు ఆలోచిస్తే, నేను ముగ్గురిని నిలబెట్టాను. తయారుచేసింది ముగ్గురు. దాన్ని బతికించింది నలభై మంది. ఆ నలభై మందిలో ఆ పాపతో అన్నం పంచుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. "నేను పంపకపోతే రేపు నా ఫోటో వస్తుందేమో మేడం" అని ఒక అమ్మాయి తర్వాత నాతో చెప్పింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా. ఇక్కడ మిగతా ఎలుకలన్నీ భయపడి పిల్లి పక్షాన చేరాయి.

అడ్డుపడటం అంటే పెద్ద సాహసం అక్కర్లేదు. గ్రూపులో ఎదిరించి మాట్లాడమని పదమూడేళ్ళ పిల్లను నేను అడగను. ఆ స్టిక్కర్‌ను ముందుకు పంపకుండా ఆగడం ఒకటి. ఆ పాపకు విడిగా "నాకిది నచ్చలేదు, నేను నీతోనే ఉండాను" అని ఒక్క ముక్క రాయడం ఇంకొకటి. మరునాడు పొద్దున ఆమె పక్కన పోయి కూర్చోవడం అన్నిటికంటే పెద్దది. కెనడాలో నోవా స్కోషియా అనే రాష్ట్రంలో 2007లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు గులాబీ రంగు చొక్కా వేసుకుని బడికొస్తే పిల్లలు చేరి బెదిరించి ఏడిపించారు. అది విన్న పన్నెండో తరగతి అబ్బాయిలు ఇద్దరు దుకాణానికి పోయి 50 గులాబీ రంగు చొక్కాలు కొని, రాత్రికి రాత్రి తోటి పిల్లలకు కబురు పంపి, మరునాడు పంచారు. ఆ పిల్లవాడు బడికి వచ్చేసరికి బడంతా గులాబీ రంగు. వాళ్ళు ఎవరితోనూ గొడవపడలేదు. ఆ ఒక్కడిని ఒక్కడుగా ఉండనివ్వలేదు, అంతే. గమనించండి, ఆ కబురు కూడా ఇంటర్నెట్ ద్వారానే పోయింది.

ఇలాంటి పిల్లలు మన బళ్ళల్లో లేరా? ఉన్నారు. నగరి నుంచి, సత్యవేడు నుంచి వచ్చిన పిల్లలు మాట్లాడితే అరవ యాస వస్తుంది. ఒక అబ్బాయి పంపిన వాయిస్ మెసేజ్‌ను ముక్కలు చేసి, వెనక మ్యూజిక్ పెట్టి తిప్పారు. ఆ అబ్బాయి నాలుగు నెలలు క్లాసులో నోరు విప్పలేదు. తెలుగు టీచరుగా నాకది ఎంత బాధో మీకెట్లా చెప్పేది! వాడి క్లాసులోనే ఇంకో పిల్ల, ఎవరూ చెప్పకుండానే, తన తాతతో అదే యాసలో మాట్లాడి ఆ రికార్డు గ్రూపులో పెట్టింది. "మా ఇంట్లో అందరం ఇట్లే మాట్లాడతాం" అని. దాంతో ఆట ఆగిపోయింది. ఆ పిల్లకు నేను బహుమతి ఇవ్వలేదు, అందరి ముందూ పొగడలేదు. పొగిడితే మళ్ళీ ఆమె మీద పడతారు. అప్పటికి నాకు కొంచెం బుద్ధి వచ్చింది.

రంగు గురించి, లావు గురించి, కులం గురించి పిల్లలు పెట్టే మాటలు మీకు తెలుసు. కులం విషయంలో ఒక్క మాట. పిల్లలు ఆ మాటలు ఫోనులో కనిపెట్టలేదు. ఇంట్లో, వీధిలో, ఒక్కోసారి స్టాఫ్ రూములో విన్నవే ఫోనులోకి తెస్తారు. మనం అక్కడ నోరు కట్టేసుకోకుండా పిల్లల గ్రూపు శుభ్రం చేయలేం.

అయ్యవార్లతో, మేడమ్‌లతో కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమనుకోవద్దు. తల్లిదండ్రుల గ్రూపులో యూనిట్ టెస్టు మార్కులు పేర్లతో సహా పెడుతున్నాం. చివరి పేరు ఎవరిదో ఊరంతా చదువుతుంది. కొన్ని బళ్ళల్లో ఫీజు బాకీ ఉన్న పిల్లల జాబితా గ్రూపులో పెడతారు. ఆ రాత్రి తండ్రి ముఖం చూడలేక పడుకున్న పిల్లవాడి గురించి ఆలోచించండి. క్లాసులో "ఏరా మొద్దూ" అని మనం పిలిస్తే, సాయంత్రానికి వాడి పేరు గ్రూపులో అదే. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మార్కులు ఎవరివి వాళ్ళకు విడిగా పంపడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలు పెడదాం.

మరి ఎవరైనా పిల్ల వచ్చి చెప్తే ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెప్తాను, ఎందుకంటే అవన్నీ నేను చేశాను. అందరి ముందు పిలవకూడదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ చేసి "ఇద్దరూ సారీ చెప్పుకోండి, చెయ్యి కలపండి" అనకూడదు. తగువుకు రాజీ ఉంటుంది, వేధింపుకు రాజీ లేదు. బలం ఉన్నవాడి ఎదుట బలం లేని పిల్ల "సరే మేడం" అనక ఇంకేమంటుంది? ముందు ఆ పిల్లను విడిగా కూర్చోబెట్టి, పూర్తిగా విని, "చెప్పి మంచి పని చేసినావు, నీ ఫోను ఎవరూ తీసుకోరు, నిన్ను అడక్కుండా నేను ఏ అడుగూ వేయను, నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం వెంటనే అమ్మకు చెప్తాను" అని ముందే చెప్పాలి. తిరిగి తిట్టొద్దని, ఏదీ చెరిపేయొద్దని చెప్పాలి. తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టాలి. తర్వాతే బ్లాక్, రిపోర్ట్. చాలామంది సిగ్గుతో ముందు అన్నీ చెరిపేస్తారు, తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

ఒక్క విషయంలో స్క్రీన్‌షాట్ కూడా తీయకూడదు. బాగా గుర్తుపెట్టుకోండి. బట్టలు లేని ఫోటో, లేదా మార్ఫింగ్ చేసి అట్లా తయారుచేసిన ఫోటో అయితే, దాన్ని సాక్ష్యం పేరుతో మీ ఫోనులోకి పంపించుకోవద్దు, హెడ్మాస్టరుకు పంపొద్దు, స్టాఫ్ గ్రూపులో పెట్టొద్దు. ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద పిల్లల అశ్లీల చిత్రాలను పంపడం నేరం. దగ్గర పెట్టుకోవడం కూడా పోక్సో, అంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం కింద నేరమేనని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసు అక్కడికి పోయింది మన పక్కనే ఉన్న మద్రాసు హైకోర్టు నుంచి. ఆ ఫోను అలాగే భద్రంగా ఉంచి పోలీసులకు చెప్పాలి. పోక్సో చట్టం 2012, 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివారూ చెప్పి తీరాలి. "బడి పరువు పోతుంది" అని దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది, సంస్థ అధిపతికి ఏడాది వరకూ జైలు. పాప పేరు, బడి పేరు బయటకు పొక్కకూడదు, అది కూడా చట్టమే.

ఇలాంటి ఫోటోలకు, ఒకరి పేరుతో ఇంకొకరు నడిపే ఖాతాలకు ఫిర్యాదు అందితే తొలగించే బాధ్యత ఆ కంపెనీలదే. 2021లో ఐటీ నిబంధనలు రాసినప్పుడు దానికి 24 గంటల గడువు పెట్టారు. ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా చేయొచ్చు. 1930 సైబర్ క్రైమ్ నంబరు. 1098 పిల్లల కోసం. మనసు బాగోలేని పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబర్లు గోడ మీద రాయించండి, కానీ ఆఫీసు రూములో కాదు. నీళ్ళ ట్యాంకు దగ్గర, ఆడపిల్లల బాత్రూము తలుపు లోపలివైపు.

ఏడిపించిన పిల్లవాడికి టీసీ ఇచ్చి పంపేయమని చాలామంది అడుగుతారు. నేను ఒప్పుకోను. టీసీ ఇస్తే వాడు పక్క బడిలో చేరతాడు, ఫోను వాడి జేబులోనే ఉంటుంది. వాడికి జవాబుదారీ ఉండాలి. ఏయే గ్రూపులకు పంపాడో వాడితోనే చెప్పించాలి, వాడే ఒక్కొక్కరినీ అడిగి తీయించాలి, అది వాడికి కష్టంగా ఉండాలి. కానీ వాడు కూడా మన పిల్లవాడే. ఆ ముగ్గురిలో ఒకడు, నాకు తర్వాత తెలిసింది, రెండేళ్ళ ముందు తన పొట్టితనం గురించి అదే గ్రూపులో ఏడ్చినవాడు. వాడు ఎవరికీ చెప్పుకోలేదు. వాడిని అప్పుడు నేను చూసి ఉంటే ఈ స్టిక్కర్ పుట్టేది కాదేమో.

(ఈ దశలో సభలోంచి ఒక తల్లి లేచి ప్రశ్న అడిగారు.)

అమ్మా, గట్టిగా చెప్పండి. ఆమె అంటున్నారు, "నేను శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీకి పోతా మేడం, ఆయన ఆటో తోల్తాడు, రాత్రి పాప ఫోనులో ఏం చేస్తాందో ఎట్లా తెలిసేది? పదహారేళ్ళు వచ్చే దాకా ఫోన్లే బంద్ చేస్తే పోతుంది కదా" అని.

ఆమె బాధ నాకు తెలుసు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమల్లోకి తెచ్చారు. దాని ఫలితం చూద్దాం, నేను వద్దనను. కానీ ఆ నిషేధంలో కూడా వాట్సాప్ లాంటి మెసేజింగ్ లేదమ్మా. మా స్టిక్కర్ తిరిగింది వాట్సాప్‌లోనే. మీరు రాత్రంతా కాపలా కాయలేరు, కాయమని నేను అడగను. మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ రోజు ఇంటికి పోయి పాపతో ఇట్లా అనండి: "ఫోనులో నిన్ను ఎవరన్నా ఏడిపిస్తే, నువ్వే ఏదన్నా తప్పు చేసినా సరే, నాకు చెప్తే నేను ఫోను లాగేసుకోను, కొట్టను." ఒక్కసారి అంటే నమ్మదు. నాలుగుసార్లు అనండి. ఎప్పుడన్నా చెప్తే, ఆ మాట మీద నిలబడండి. రాత్రి పడుకునేటప్పుడు ఇంట్లో అందరి ఫోన్లూ, మీదీ ఆయనదీ కూడా, వంటింట్లో ఒకచోట ఛార్జింగ్ పెట్టడం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది.

సీబీఎస్‌ఈ వాళ్ళు 2015లోనే తమ బళ్ళన్నిటికీ వేధింపుల నివారణ కమిటీ పెట్టమని చెప్పారు. కమిటీ ఫైల్లో ఉంటే చాలదు. ఫిర్యాదుల పెట్టె హెడ్మాస్టరు గది ముందు, సీసీ కెమెరా కింద పెడితే అందులో చీటీ ఎవరూ వేయరు. నా చివరి సంవత్సరంలో నేను ఒక పని చేశాను. తరగతికి ఒక రోజు చొప్పున, పిల్లలందరికీ తెల్ల చీటీలు ఇచ్చాను. "నీకు చెప్పుకోలేనంత కష్టం వస్తే ఈ బడిలో ఏ పెద్దవాళ్ళ దగ్గరికి పోతావు? పేరు రాయి. నీ పేరు రాయొద్దు" అన్నాను. నా పేరు చాలా తక్కువ వచ్చింది. పీఈటీ సార్ పేరు వచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది మధ్యాహ్న భోజనం వండే అమ్మ పేరు. ఆమె రోజూ ప్రతి పిల్లను "ఏం పాపా, సరిగ్గా తిన్లేదే?" అని అడుగుతుంది కాబట్టి. ఖాళీ చీటీలు కూడా చాలా ఉన్నాయి.

ఆ వారంలోనే వండే అమ్మను, పీఈటీ సార్‌ను కూర్చోబెట్టి, పిల్ల వచ్చి చెప్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో, నాకు ఎప్పుడు చెప్పాలో మాట్లాడుకున్నాం. ఆమె వినేసి అడిగిన మొదటి ప్రశ్న, "ఆ పిల్లను అందరి ముందు పిలవకూడదు కదా మేడం?" నాకు ఆ రోజు నోట మాట రాలేదు.

ఇప్పుడు అవే చీటీలు మీ చేతికి వస్తాయి. తల్లిదండ్రులు, మీ బిడ్డ ఎవరి పేరు రాస్తుందని అనుకుంటున్నారో రాయండి. అయ్యవార్లు, మేడమ్‌లు, మీ క్లాసులో మీ పేరు ఎంతమంది రాస్తారని అనుకుంటున్నారో ఒక అంకె వేయండి. చీటీ నాకు ఇవ్వొద్దు, మీ దగ్గరే ఉంచుకోండి. రేపు పిల్లలను అడిగి పోల్చి చూసుకోండి. పెన్ను లేనివాళ్ళు చెయ్యి ఎత్తండి, ఈ డబ్బా అటువైపు పంపిస్తాను.